కాలేజీ వెబ్‌సైట్‌లో ఎడిటర్ మార్చారు, ఫీజు గడువు మాయమైంది: అప్‌డేట్ అంటే బటన్ నొక్కడం కాదు

కొత్త ఫోన్ కొనేటప్పుడు మనం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు?’ పరీక్ష ఫీజు, హాల్ టికెట్, రిజల్ట్స్ అన్నీ చూసుకునే యూనివర్సిటీ వెబ్‌సైట్ల గురించి మాత్రం ఆ ప్రశ్న ఎవరం అడగం. నేనూ అడగలేదు, మా పిన్ని కొడుక్కి లేట్ ఫీజు పడేదాకా.

వాడిది టెక్కలి వైపు ఊరు. నోటీస్ చూశాడు, చదివాడు, అందులో గడువు తేదీ లేదు. ‘నీ ఫోన్‌లో పేజీ సరిగ్గా లోడ్ అయ్యుండదురా’ అన్నాను. నా లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే అక్కడా లేదు. ఆ కాలేజీ సైట్ చూసుకునే కుర్రాడు నాకు తెలిసినవాడే, అడిగితే అసలు విషయం చెప్పాడు. అంతకు వారం ముందే సైట్‌లో ఎడిటర్ అప్‌డేట్ చేశారట. తర్వాత ఎగ్జామ్ సెక్షన్ వాళ్లు ఆ నోటీస్‌లో ఒక సబ్జెక్ట్ పేరు సరిచేసి సేవ్ కొట్టారు. ఆ ఒక్క సేవ్‌తో కింద ఎర్రగా కనిపించే ‘చివరి తేదీ’ బాక్స్ మొత్తం ఎగిరిపోయింది. ఎర్రర్ రాలేదు, వార్నింగ్ రాలేదు.

అసలేం జరిగింది?

వెబ్‌సైట్‌లో నోటీస్ టైప్ చేసే చోట వర్డ్‌లాగా బోల్డ్, టేబుల్, లింక్ బటన్లు ఉంటాయి కదా, అదే కంటెంట్ ఎడిటర్. చాలా సైట్లలో ఏళ్ల తరబడి ఉన్నది సీకేఎడిటర్ 4. అది 2012లో వచ్చింది. 2023 జూన్‌తో దాని ఉచిత సపోర్ట్ ఆగిపోయింది. డ్రూపల్ వాడే సైట్లకైతే ఇంకా ముందే గంట మోగింది: 2022 డిసెంబర్‌లో వచ్చిన డ్రూపల్ 10లో సీకేఎడిటర్ 5 మాత్రమే ఉంది, డ్రూపల్ 9 సపోర్ట్ 2023 నవంబర్‌లో ముగిసింది.

4 నుంచి 5కి వెళ్లడం మన ఫోన్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ మారినట్టు కాదు. 5ని మొదటి నుంచి కొత్తగా రాశారు. పాతదానికి రాసుకున్న కస్టమ్ ప్లగిన్లు ఇందులో పనిచేయవు. నోటీస్ బాక్స్, టైమ్ టేబుల్, నొక్కితే తెరుచుకునే సెక్షన్... ఏదైనా సరే మళ్లీ రాయాల్సిందే.

అసలు ఉచ్చు ఇక్కడుంది. పాత ఎడిటర్ పేజీని హెచ్‌టీఎమ్‌ఎల్‌గానే చూసేది. కొత్తది ముందు దాన్ని తన సొంత డేటా మోడల్‌లోకి మార్చుకుంటుంది. ఆ క్రమంలో తనకి నేర్పని ట్యాగ్‌లనీ, ఆట్రిబ్యూట్‌లనీ వదిలేస్తుంది. అందుకే అప్‌డేట్ అయిన రోజు సైట్ మొత్తం తిరిగి చూసినా అంతా బాగానే కనిపిస్తుంది. ఎవరో ఒకరు పాత పేజీ తెరిచి, ఒక అక్షరం దిద్ది, సేవ్ చేసినప్పుడే ముక్క ఊడుతుంది. ‘టెస్ట్ చేశాం, అన్ని పేజీలూ ఓపెన్ అవుతున్నాయి’ అనే మాటకి అందుకే విలువ లేదు.

పాతదే ఉంచేస్తే పోలా?

ఈ మాట చాలామంది అంటారు. పోదు. 4 సిరీస్‌లో 4.22 వెర్షన్, తాను సురక్షితం కాదని ఎడిటర్‌లోనే మెసేజ్ చూపిస్తుంది. ఆ మెసేజ్‌ని దాచేసినంత మాత్రాన లోపం పోదు కదా. విద్యార్థులు ఫీజు కట్టే సైట్‌లో సెక్యూరిటీ ప్యాచ్ రాని సాఫ్ట్‌వేర్ ఉంచడం నాకు సమ్మతం కాదు. కాబట్టి మార్చాలా వద్దా అన్నది చర్చే కాదు, ఎలా మార్చాలన్నదే చర్చ.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ముఖ్యమైన సమాచారాన్ని ఎడిటర్ చేతిలో పెట్టడమే మొదటి తప్పు. గడువు తేదీ, ఫీజు మొత్తం, ఏ సెమిస్టర్ అన్నవి పేజీ మధ్యలో రంగు బాక్స్‌లా ఉండకూడదు. డేటాబేస్‌లో విడి ఫీల్డ్‌లుగా ఉండాలి. అప్పుడు ఎడిటర్ రేపు 6 వచ్చినా, ఇంకోటి వచ్చినా తేదీ ఎక్కడికీ పోదు.

మన జిల్లాల్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అదే ఏడాది మొదట్లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ వచ్చింది. అంటే రాజాంలో ఉన్న ఏ కాలేజీకైనా కొన్ని నెలల తేడాలో అడ్రస్‌లో జిల్లా మారింది. జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీలకి యూనివర్సిటీ పేరూ మారాల్సి వచ్చింది. అడ్రస్ ఒకే కాంపొనెంట్‌లో ఉంటే ఒకచోట మారిస్తే చాలు. ప్రతి పేజీలో చేత్తో టైప్ చేసి ఉంటే? వందల పేజీలు వెతుక్కోవాలి. అయినా ఎక్కడో ఒకచోట పాత జిల్లా పేరు మిగిలిపోతుంది.

యూనివర్సిటీ స్థాయిలో ఈ తలనొప్పి ఇంకా పెద్దది. మెయిన్ సైట్ ఒకటి, ఎగ్జామ్స్‌కి ఒకటి, అడ్మిషన్స్‌కి ఒకటి, డిపార్ట్‌మెంట్లకి వేరేవి. ఒక సైట్ ప్లగిన్‌ని ఇంకో సైట్‌లోకి కాపీ చేసుకుంటూ పోతే, ఒకచోట సరిచేసిన బగ్ మిగతావాటికి చేరదు. చాలా జిల్లాల వెబ్‌సైట్ల కోసం ఎన్ఐసీ ‘ఎస్3వాస్’ అనే ఒకే ఫ్రేమ్‌వర్క్ నడుపుతోంది. యూనివర్సిటీలకీ ఆ పద్ధతే మేలు: కాంపొనెంట్లన్నీ ఒకే ప్యాకేజీలో, ఒకే వెర్షన్ నంబర్‌తో.

చేయాల్సిన పని పెద్ద బడ్జెట్‌ది కాదు. ముందు ఏ కస్టమ్ కాంపొనెంట్ ఎన్ని పేజీల్లో ఉందో డేటాబేస్‌లో వెతికి లెక్క తీయాలి. సైట్ కాపీ మీద ప్రతి రకం పేజీనీ కొత్త ఎడిటర్‌లో తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ చేసి, ముందూ తర్వాతా హెచ్‌టీఎమ్‌ఎల్ పోల్చాలి. తేడా వచ్చిందంటే అసలు సైట్ జోలికి వెళ్లొద్దు. ఆ తర్వాత, రోజూ నోటీసులు టైప్ చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక గంట చూడాలి. ఆయన వర్డ్ నుంచి ఎలా పేస్ట్ చేస్తున్నారో, అను ఫాంట్‌లో ఉన్న తెలుగు పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వచ్చి చివరికి స్కాన్ చేసిన పీడీఎఫ్ ఎందుకు పెడుతున్నారో అప్పుడే అర్థమవుతుంది. కోడ్ రాసేవాళ్లకి కనిపించని బగ్‌లు అక్కడే దొరుకుతాయి.

మీలో చాలామంది ఫోన్‌లో కస్టమ్ రామ్ ఎక్కించే ముందు బ్యాకప్ తీసుకుంటారు, ఏది పనిచేయడం లేదో జాబితా చదువుతారు. మీ కాలేజీ సైట్ టీమ్‌లో ఉంటే అదే జాగ్రత్త అక్కడా చూపించండి. టీమ్‌లో లేకపోతే, నోటీస్‌లో తేదీ కనబడనప్పుడు నాలాగా ఫోన్‌ని తిట్టకుండా ఎగ్జామ్ సెక్షన్‌కి ఒక్క ఫోన్ కొట్టండి. మా తమ్ముడి లేట్ ఫీజు వెనక్కి రాలేదు. కానీ వాడు వెళ్లి చెప్పాకే ఆ బాక్స్ తిరిగి వచ్చింది.