అతివేగం కాలమ్‌లో పడేస్తే అయిపోయిందా?

పేపర్లో ఏ యాక్సిడెంట్ వార్త తీసినా అతివేగమే కారణమని ఒక వాక్యం కనిపిస్తుంది. ప్రభుత్వ లెక్కల్లోనూ ఇంచుమించు అదే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71 శాతం అతివేగం ఖాతాలోనే ఉన్నాయి. సరే, ఆ బండ్ల స్పీడు ఎవరు కొలిచారు? చాలా కేసుల్లో ఎవరూ కొలిచి ఉండరని నా అనుమానం. కేసు కట్టాలంటే తప్పు ఎవరో ఒకరి మీద రాయాలి, డ్రైవరు చేతికి దొరికే మనిషి. మలుపులో వెలగని లైటు మీదా, ఊరివాళ్ళు దాటడానికి డివైడర్‌లో చేసుకున్న సందు మీదా ఎఫ్ఐఆర్ రాయలేరు కదా!

రోడ్డు బాగుచేసే ఇంజనీరుకి తప్పెవరిదో తేలినా పెద్దగా ఒరిగేదేం లేదు. ఎక్కడ, ఏ టైములో, ఏ బండి దేన్ని ఎటువైపు నుంచి గుద్దింది, ఇవి తెలియాలి.

ఆ "ఎక్కడ" దగ్గరే అసలు తలనొప్పి. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో ప్రాణం పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరిగినా, మొత్తం 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. రికార్డులో "ఫలానా దాబా దాటాక" అని ఉంటే ఆ ముక్క ఎలా తేలుతుంది? కొన్నాళ్ళకి ఆ దాబానే ఉండదు. అంతెందుకు, రోడ్ల నంబర్లే మారిపోయాయి. హైదరాబాద్-విజయవాడ రోడ్డు ఒకప్పుడు 9, ఇప్పుడు 65. మా తాతయ్యకి మాత్రం అది ఇప్పటికీ తొమ్మిదో నంబరే. అదే రోడ్డు మీదున్న సూర్యాపేట 2016 దాకా నల్గొండ జిల్లాలో ఉండేది, తర్వాత సొంతంగా జిల్లా అయింది. ఆంధ్రలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇవేమీ చూసుకోకుండా జిల్లాలవారీగా గ్రాఫ్ గీస్తే నల్గొండలో ప్రమాదాలు ఒక్కసారిగా తగ్గినట్టు కనిపిస్తుంది. ఎవరికో శాలువా కూడా కప్పేస్తారు! అక్షాంశ రేఖాంశాలు మాత్రం ఏ జీవో వచ్చినా మారవు.

ఈ గోల తీరడానికే మద్రాస్ ఐఐటీ, ఎన్ఐసీ కలిసి ఐరాడ్ తయారుచేశాయి. పోలీసులు స్పాట్‌లోనే ఫోన్‌లో లొకేషన్, ఫొటోలు ఎక్కిస్తారు. రోడ్ల శాఖ, రవాణా శాఖ, ఆసుపత్రి ఎవరి వంతు వాళ్ళు నింపాలి. మంచి పనే, కాదనను. కానీ ఒకపక్క అంబులెన్సు, ఒకపక్క ట్రాఫిక్ జామ్, ఇంకోపక్క ఏడుస్తున్న బంధువులు. మధ్యలో నిలబడ్డ కానిస్టేబుల్ డ్రాప్‌డౌన్‌లో ఏది నొక్కుతాడు? పైన ఏదుంటే అది. అతన్ని తిట్టి లాభం లేదు. రోడ్డుకి ఎన్ని లేన్లు, మలుపుందా, వాలుందా అన్నవి అతన్ని అడగడమెందుకు? లొకేషన్ పడగానే రోడ్ల శాఖ మ్యాపు నుంచి వాటంతట అవే నిండాలి. స్టేషన్‌కి వెళ్ళి తీరిగ్గా నింపితే ప్రమాదాలన్నీ స్టేషన్ ఆవరణలోనే జరిగినట్టు మ్యాపులో చుక్కలు పడతాయి. అలాంటి చుక్కల్ని పట్టుకునే కోడ్ మన సెకండియర్ వాళ్ళు ఒక్క సాయంత్రంలో రాసేస్తారు.

రాయాలంటే ముందు డేటా చేతికి రావాలి. అమెరికాలో 1975 నుంచీ ఫార్స్ అని ఒక రికార్డు నడుస్తోంది. యాక్సిడెంటయ్యాక 30 రోజుల్లోపు ఎవరైనా చనిపోతే అది అందులోకి చేరుతుంది. పేర్లు ఉండవు, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మనకి బయటికొచ్చేది పీడీఎఫ్ నివేదిక, అందులో మొత్తాల పట్టికలు. ఒక్కో ప్రమాదం వివరాలు శాఖల లాగిన్ల వెనకే ఉండిపోతాయి. బీమా కేసులు, కోర్టు గొడవలు ఉంటాయి కాబట్టి జాగ్రత్తపడటం అర్థమవుతుంది. పేర్లు, బండి నంబర్లు తీసేసి మిగతాది ఇవ్వడానికి ఏం అడ్డం?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి యాక్సిడెంట్ ప్రిడిక్షన్ తీసుకున్నవాళ్ళని ఒకసారి అడిగి చూడండి. చాలామంది కాగిల్‌లో దొరికే బ్రిటన్ డేటాతోనే కానిచ్చేస్తారు. లండన్‌లో వానపడితే ఏ రోడ్డు ప్రమాదమో మన మోడల్ చెప్పేస్తుంది. మన కాలేజీ గేటు ముందున్న యూటర్న్ గురించి అడిగితే మాత్రం దాని దగ్గర ఒక్క రో కూడా ఉండదు.