ఆ 42 మందిలో నేనెవరిని?

ప్రతి సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఎవరో ఒకరు తమకు నచ్చిన పుస్తకం గురించి రాస్తుంటారు. డిగ్రీ మూడేళ్ళూ ఇక్కడే ఉండి వెళ్ళినవాణ్ణి కాబట్టి ఈసారి నన్ను రాయమన్నారు. నేను చెప్పబోయే పుస్తకం నచ్చిందని అనలేను గానీ, అది చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

దాని పేరు 'బ్యాటిల్ రాయల్'. రాసింది కౌషున్ టకామి అనే జపాన్ రచయిత. 1999లో అచ్చయింది. మరుసటి సంవత్సరమే సినిమాగా తీశారు. 2003లో ఇంగ్లీషులోకి వచ్చింది. పి.జి.లో ఒక సీనియర్ దగ్గర తీసుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని నెల రోజులు చదివాను. మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలుగు మీడియం వాడికి ఇంగ్లీషు నవల అంటే మొదటిసారి మిరప కోతకు దిగినట్టే. చేతులు మండుతాయి, అయినా పట్టిన సాలు పూర్తి చెయ్యాల్సిందే.

కథ ఇదీ. అదొక ఊహాదేశం, నియంత పాలన. విహారయాత్రకు బయలుదేరిన 42 మంది పదిహేనేళ్ళ పిల్లల్ని బస్సులోనే మత్తు వాయువుతో పడుకోబెట్టి ఒక ద్వీపానికి చేరుస్తారు. లేచేసరికి అందరి మెడకూ ఇనుప పట్టీలు. ఒకరినొకరు చంపుకోవాలి, చివరికి ఒక్కరే మిగలాలి. 24 గంటలపాటు ఎవరూ చావకపోతే అందరి పట్టీలూ పేలిపోతాయి. తలా ఒక సంచి ఇస్తారు. ఒకరి సంచిలో తుపాకి ఉంటుంది, ఇంకొకరికి కత్తి, మరొకరికి వట్టి బూమరాంగ్. పోటీ మొదలు కాకముందే చేతిలో ఉన్నవి సమానం కావన్నమాట. ఈ సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రక్తపాతం చాలా ఎక్కువ. కొన్ని పేజీలు చదవలేక తిప్పేశాను. చిన్న తరగతుల తమ్ముళ్ళకు ఈ పుస్తకం ఇవ్వొద్దనే నా అభిప్రాయం. కానీ నన్ను భయపెట్టింది ఆ రక్తం కంటే రెండు సన్నివేశాలు.

ఒకచోట ఇద్దరు అమ్మాయిలు కొండెక్కి, కొట్టుకోవద్దు, అందరం కలుద్దాం రమ్మని మైకులో పిలుస్తారు. వెళ్ళాలని ఉన్నవాళ్ళు కూడా భయంతో ఆగిపోతారు. ఆ ఇద్దరూ అక్కడే తుపాకికి బలైపోతారు. ఇంకోచోట ఆరుగురు అమ్మాయిలు లైట్‌హౌస్‌లో తలదాచుకుని, కలిసి వండుకు తింటుంటారు. గాయపడి వచ్చిన ఒక అబ్బాయి మీద అనుమానంతో ఒకమ్మాయి అతని తిండిలో విషం కలుపుతుంది. పొరపాటున అది ఇంకొకమ్మాయి తింటుంది. ఎవరు కలిపారంటే ఎవరు కలిపారని, ఆ స్నేహితురాళ్ళే ఒకరినొకరు కాల్చుకుంటారు. బయటి శత్రువు అవసరం రాలేదు.

ఇక్కడే పుస్తకం మూసేశాను. నాకు నా రూమ్మేట్ గుర్తొచ్చాడు.

డిగ్రీ చివరి సంవత్సరంలో మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఒకే సబ్బు, ఒకే బకెట్. సంక్రాంతి సెలవులకు వెళ్తే ఇద్దరం మిరప కోతలకే పోయేవాళ్ళం. ఆ రోజుల్లో పి.జి. ఎంట్రన్స్‌కు ఒకచోట ఉచిత కోచింగ్ ఇస్తున్నారని నాకు ముందుగా తెలిసింది. సీట్లు తక్కువ. వాడికి నాకంటే మార్కులు ఎక్కువ. నేను చెప్పలేదు. గడువు దాటిన వారానికి వాడికి తెలిసింది. "నీకు ముందే తెలుసారా?" అని అడిగాడు. "లేదురా" అన్నాను.

నాకు సీటొచ్చింది. వాడిప్పుడు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోస్తున్నాడు. వాడి చదువు నా ఒక్కడివల్లే ఆగిందని చెప్పలేను. ఇంట్లో అప్పులున్నాయి, నాన్నకు ఆరోగ్యం బాగోలేదు. కానీ ఆ అబద్ధం మాత్రం నాదే. మొన్న కనిపిస్తే టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

నా మెడకు ఎవరూ ఇనుప పట్టీ తగిలించలేదు. మరి నాకీ ఆట ఎవరు నేర్పారు? ఇంటర్లో మార్కులను బట్టి సెక్షన్లు మార్చే కాలేజీలో చదివాను. పక్కవాడు తగ్గితేనే మనం పైకి వెళ్ళేది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలైలో తీర్పు చెబుతూ, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టవద్దని, పిల్లల్ని అందరిముందూ అవమానించవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇది నవల్లో మాటే కాదు.

సీట్లు తక్కువన్నది నిజం. కానీ ఇంతమందికి ఇన్నే సీట్లు ఎందుకని మేము ఏనాడూ అడగలేదు. పక్కవాణ్ణి కనిపెట్టుకోవటంతోనే సరిపోయింది. ఆ ద్వీపంలో పిల్లలకూ అంతే. ఆట పెట్టినవాడి వైపు చూసే తీరిక చాలామందికి దొరకలేదు. ఒకరినొకరు నమ్మకుండా చెయ్యటమే ఆ ప్రభుత్వానికి తుపాకుల కంటే పెద్ద ఆయుధమని నాకనిపించింది.

మన ప్రాంతంలో ఇంతకంటే ఘోరం నిజంగానే జరిగింది. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగాదా అది. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. అప్పుడు వాళ్ళు ఎవరికి వారు చెదిరిపోలేదు. ఎక్కడెక్కడి జనమో వచ్చి వాళ్ళతో నిలబడ్డారు. ఆ సంవత్సరమే దళిత మహాసభ పుట్టింది. నవల్లో కొండమీది పిలుపుకు ఎవరూ రాలేదు. చీరాలకు జనం వచ్చారు. వాళ్ళకూ భయం ఉండే ఉంటుంది. అయినా వచ్చారు. ఆ కథ వింటూ పెరిగిన నేను ఒక కోచింగ్ సీటు కోసం స్నేహితుణ్ణి మోసం చేశాను.

తమ్ముళ్ళారా! పోటీ పరీక్షలు రాయొద్దని నేను చెప్పటం లేదు. రాయండి, గెలవండి. కానీ ఏ నోటిఫికేషన్ తెలిసినా, ముందు మన హాస్టల్ బోర్డు మీద రాసి, ఆ తర్వాత అప్లై చెయ్యండి. మీలో ఒకడికి తెలిసింది పదిమందికీ తెలియాలి. నా ఎంట్రన్స్ నోట్సులన్నీ లైబ్రరీ బీరువాలో పెట్టాను. ఎవరైనా తీసుకోవచ్చు.

ఈ సంచిక అచ్చయి వచ్చాక ఒక కాపీ తీసుకుని మిర్చి యార్డుకు వెళ్తాను. వాడికి నోటితో చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. కనీసం ఇది చదివి, వాడు నన్ను తిట్టినా బాగుండు.