కంచ గచ్చిబౌలి: మొక్కలు నాటితే జింకల ఇల్లు తిరిగొస్తుందా?

2025 మార్చి 30న ఉగాది, మర్నాడు రంజాన్ పండుగ. మన ఇళ్లల్లో షీర్ ఖుర్మాకి పాలు కాగుతున్న ఆ సెలవుల్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో పదుల కొద్దీ బుల్డోజర్లు దిగాయి. 400 ఎకరాల్లో ఐటీ పార్కు కోసం పొదలు, చెట్లు తీసేయడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికే దాదాపు 100 ఎకరాలు బోసిపోయింది. కోర్టులకు సెలవులున్న రోజులు చూసుకునే ఈ పని చేశారా అని మే నెలలో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్ ధర్మాసనమే అనుమానపడింది.

రెవెన్యూ రికార్డుల్లో ఈ భూమి పేరు 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ'. అస్తబల్ అంటే ఉర్దూ వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు, గుర్రపుశాల. కంచ అంటే మేత బీడు. పేరులోనే నేల స్వభావం ఉంది: గడ్డి, ముళ్లపొదలు, బండరాళ్లు. తర్వాత సంగతికి ఇది అవసరం కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఈ భూమిని 2004లో ఐఎంజీ భారత అనే క్రీడల కంపెనీకి ఇచ్చారు. 2006లో ఆ కేటాయింపు రద్దయింది, కేసులు నడిచాయి, 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి రాష్ట్రమే గెలిచింది. ఇన్నేళ్లూ ఎవరూ కదపలేదు గనక పొదలు పెరిగాయి, ఇది అడవి కాదు అని ప్రభుత్వం వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ యాజమాన్యం ఎవరిదైనా, మామూలు అర్థంలో అడవిలా ఉన్నది అడవే అని 1996 గోదావర్మన్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి భూములు గుర్తించడానికి రాష్ట్రం మార్చి 15న నిపుణుల కమిటీ వేసింది. పదిహేను రోజులకే బుల్డోజర్లు వచ్చేశాయి. కమిటీ పని మొదలుకాకముందే అంత తొందరేంటని కోర్టు అడిగింది.

తొందర ఎందుకో కామర్స్ చదివినవాడిగా నాకు అర్థమవుతుంది. టీజీఐఐసీ బాండ్ల ద్వారా దాదాపు 10,000 కోట్లు సమీకరించింది. ఇక్కడికి 50,000 కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని చెప్పింది. ఉద్యోగాల మాట తేలిగ్గా కొట్టిపారేయలేను. టోలీచౌకి, మెహదీపట్నం నుంచి రోజూ ఆ వైపు క్యాబులు తోలేవాళ్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు! అయితే ఖాతాలో ఒక పక్కే రాస్తే అది ఖాతా కాదు. జీవాల లెక్క తేలకుండానే నేల చదును చేశారు. ఆ ఖర్చు ఇప్పుడు కోర్టు గుర్తుచేస్తే గానీ ఎవరికీ కనబడలేదు.

జింకలు ఆసరా వెతుక్కుంటూ పరిగెత్తడం, వీధికుక్కలు వాటిని కరవడం వీడియోల్లో చూసి ఆశ్చర్యపోయామని ధర్మాసనం ఏప్రిల్ 16న చెప్పింది. వెంటనే రక్షణ చర్యలు తీసుకోమని రాష్ట్ర వన్యప్రాణి వార్డెన్‌ని ఆదేశించింది. 100 ఎకరాలు ఎలా పూర్వస్థితికి తెస్తారో ప్రణాళిక ఇమ్మంది.

అసలు చిక్కు ఇక్కడే. మన దగ్గర పచ్చదనం అంటే గుంతలు తవ్వడం, మొక్కలు నాటడం, ఫొటో దిగడం. కానీ పైన చెప్పిన 'కంచ' గుర్తుందా? నక్షత్ర తాబేలుకి కావాల్సింది గడ్డి, కింద దూరడానికి ముళ్లపొద. 2022 సవరణ తర్వాత అది చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి, అంటే పులికున్నంత రక్షణ. ఆడనెమలి గుడ్లు పెట్టేది చెట్టు మీద కాదు, పొదల చాటున నేల మీద. చుక్కల జింకకి మేత బీడు కావాలి, దగ్గర్లో నీళ్లు కావాలి. వరసల్లో నాటిన నీడచెట్లు వీటికి ఇల్లు కావు. శిథిలాలు తీసేసి, మనుషుల్నీ కుక్కల్నీ ఆపి, మిగిలిన వేళ్ల నుంచి పొదలు వాటంతటవే చిగురించేలా కొన్ని వానాకాలాలు వదిలేయడం చవకైన పని కూడా. ఫొటోకి మాత్రం బాగోదు.

ఇంకో మాట. బఫెలో లేక్, పీకాక్ లేక్ ఈ 400 ఎకరాల్లోకి రావని టీజీఐఐసీ సమాధానం చెప్పింది. సర్వే నంబర్ ప్రకారం సరే. కానీ ఇటు మేసి అటు చెరువుకి వెళ్లే జింకకి సరిహద్దు రాయి తెలుస్తుందా? మధ్యలో గోడ కడితే చెరువు ఉండీ లేనట్టే. దారులు వదలాలి, రోడ్డు పడితే కింద నుంచి జీవాలు దాటే వీలుండాలి, రాత్రి దీపాలు తగ్గించాలి. ఇవి డిజైన్‌లో ముందే రాసుకోవాల్సినవి, పునాదులు లేచాక కుదరవు. కేబీఆర్ పార్కు చూడండి: 350 ఎకరాల పైచిలుకు, నెమళ్లున్నాయి, సంతోషమే. చుట్టూ రోడ్లే, బయటికి దారి లేదు.

ఆగస్టు 13న కోర్టు ఆరు వారాలు గడువిచ్చింది. అడవిని తిరిగి తెచ్చే మంచి ప్రతిపాదన వస్తే, తాము సొంతంగా చేపట్టిన కేసు వెనక్కి తీసుకుంటామని కూడా చెప్పింది. ఆ ప్రతిపాదన చేతికొస్తే ఎన్ని లక్షల మొక్కలన్న పేజీ తర్వాత చూస్తాను. ముందు ఏ జీవాలు ఎన్నున్నాయి, ఏ కాలాల్లో లెక్కపెట్టారు, చెరువు దాకా దారి ఎంత వెడల్పు వదిలారు అన్న పేజీ తీస్తాను. ఆ పేజీ ఉంటే.