తాగుడు మాన్పించే భారం కూడా ఆడదానిదేనా?

పోయిన వేసవిలో ఒక సాయంత్రం మా వీధి చివరింటి అమ్మాయి వచ్చి, కొంగుముడి విప్పి మాత్రల షీటు ఒకటి నా చేతిలో పెట్టింది. పట్టణంలో ఒక డీఅడిక్షన్ సెంటర్ వాళ్ళు ఇచ్చారట. "రోజూ ఒకటి నలిపి పప్పులో కలిపి పెట్టమన్నారక్కా. ఆయనకి చెప్పొద్దన్నారు. చెప్తే తినడంట" అంది.

ఆ మందు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండెదడ, వాంతులు వస్తాయి. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే తాగే మనిషికి అన్నీ వివరించి, అతను ఒప్పుకున్నాకే ఇవ్వాలి. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. రేపు ఏమన్నా అయితే నింద ఎవరి మీద పడుతుంది? అన్నం పెట్టిన ఆమె మీదే కదా!

ఆమెను పక్కకు పిలిచి "నిన్ను కొడతాడా?" అని కూడా అక్కడ ఎవరూ అడగలేదు. "ఎదురు మాట్లాడకు, సర్దుకుపో" అని చెప్పి పంపారు. దానికే కౌన్సెలింగ్ అని పేరు.

1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేసింది. దుకాణాలు మూయమని మనం గట్టిగానే అడిగాం. తాగుడుకు బానిసైన మనిషికి ఎక్కడ, ఎలాంటి వైద్యం అందుతోందని అంత గట్టిగా అడగలేదు. ఇది నాతో సహా మనందరి లోపం.

ఏళ్ళ తరబడి బాగా తాగిన మనిషి హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు. లేనివి కనిపిస్తాయి. ప్రాణమూ పోవచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు సరఫరా ఆగినప్పుడు, అందులో కలిపే మత్తుమందుకు అలవాటుపడ్డ పేదలు, ఆడా మగా, ఇలాగే ఆస్పత్రుల పాలయ్యారు. ఆ రోజుల్లో డాక్టరు, మందులు ఉండాలి. గదిలో వేసి తాళం పెట్టడం వైద్యం కాదు.

కేంద్రప్రభుత్వం 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆ ఒక్కరికి అందేది కూడా ఇలాంటిదైతే ఎట్లా? ఇక తాగుడు అలవాటైన స్త్రీ సంగతి చెప్పనక్కర్లేదు. సిగ్గుతో ఆమె బయటికే రాదు. వచ్చినా మగవాళ్ళ కోసం కట్టిన కేంద్రంలో ఆమెకు చోటుండదు.

చట్టం లేక కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులకు కూడా వర్తిస్తుంది. గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. క్రూరంగా, అవమానకరంగా చూడరాదంది. చికిత్స గురించి తెలుసుకునే హక్కు ఇచ్చింది.

కాబట్టి మనం పనిచేసే ప్రాంతంలోని కేంద్రానికి వెళ్ళి నాలుగు ప్రశ్నలు అడుగుదాం. రిజిస్ట్రేషన్ ఉందా? డాక్టరు ఎన్ని రోజులు వస్తాడు? మందు ఇచ్చేముందు రోగి సమ్మతి తీసుకుంటున్నారా? భార్యతో విడిగా మాట్లాడి, హింస ఉంటే ఆమెకు రక్షణ దారి చూపిస్తున్నారా? డిశ్చార్జి తర్వాత ఎవరు పట్టించుకుంటారో కూడా అడగాలి. మళ్ళీ తాగడం ఈ జబ్బులో మామూలే. దానికి భార్యను దోషిని చేయకూడదు.

ఆ అమ్మాయి మాత్రలు కలపలేదు. ఇద్దరం కలిసి ఆమె భర్తతో మాట్లాడి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. మధ్యలో ఒకసారి మళ్ళీ తాగాడు, మళ్ళీ వెళ్ళాడు. ఇప్పుడు తన మాత్రలు తనే వేసుకుంటున్నాడు. రేపేమవుతుందో చెప్పలేను. అయితే అతని వైద్యం ఆమె వంటింట్లో దొంగతనంగా జరిగే పని మాత్రం కాకుండా పోయింది.