బలం బిళ్ళ ఎవరికి బలం?

చెవిటికల్లులో పొదుపు సంఘాల స్త్రీలతో హక్కుల గురించి మాట్లాడటానికి వెళ్ళినప్పుడల్లా, సమావేశం ముగిసి చాపలు చుట్టేవేళకు నాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆస్తి హక్కు, గృహహింస చట్టం, కూలి రేట్లు అన్నీ అయ్యాక ఎవరో ఒకామె పక్కకు పిలిచి అడుగుతుంది: "మేడమ్‌గారూ, రోజుకొకటి వేసుకునే బలం బిళ్ళల్లో ఏవి మంచియ్యండీ? నీరసం తగ్గటంలా." నేను చదివింది సమాజశాస్త్రం. పేరు ముందున్న 'డాక్టర్' అన్న మాట చేసిన పని ఇది. అయినా ఈ ప్రశ్నను మందుల షాపుకు వదిలెయ్యటం నాకు ఇష్టం లేదు. ఇన్ని హక్కుల గురించి విన్న తర్వాత ఒక స్త్రీ తన నీరసం గురించి అడిగిందంటే, అది ఆ రోజు చర్చకు బయటి విషయం కాదు.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు కంచికచర్ల మండలం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది గానీ, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల వాళ్ళకు అది ఇంకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. ఒకప్పటి జొన్న చేలల్లో పత్తి, మిరప, సుబాబుల్ వచ్చి చాలాకాలమైంది. పత్తి తీతలు, మిరపకోతలు ఆడవాళ్ళ పనులు. తెల్లవారకముందే లేచి వండి, పిల్లల్ని పంపి, చేలోకి వెళ్ళి, ఎండలో వంగి, చాటు లేదని పొద్దంతా నీళ్ళు కూడా తాగకుండా పని చేసి వచ్చే మనిషికి నీరసం రావటంలో వింతేమీ లేదు. ఆమె ఇంట్లో తరచుగా రెండు రకాల బిళ్ళలు కనబడతాయి. ఒకటి ఏఎన్ఎమ్మో, ఆశా కార్యకర్తో ఇచ్చిన ఎర్ర ఐరన్ బిళ్ళ. అది అటక మీదో, దేవుడి పటం వెనకో దుమ్ము పట్టి ఉంటుంది. రెండోది నందిగామలోనో, కంచికచర్లలోనో డబ్బులిచ్చి కొన్న మల్టీవిటమిన్ అట్ట. అది మాత్రం సగం ఖాళీ అయి ఉంటుంది. ఊరికే వచ్చినదాని మీద నమ్మకం లేకపోవటం, కొన్నదాని మీద ఉండటం ఎలా జరిగింది?

ఊరికే వచ్చేదాని సంగతి ముందు చూద్దాం. పోషకాహార లోపం వల్ల వచ్చే రక్తహీనతను అరికట్టటానికి ఇనుము, ఫోలిక్ యాసిడ్ బిళ్ళలిచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. ఆ తర్వాత పేర్లు మారాయి, మోతాదులు మారాయి, బిళ్ళల రంగులు మారాయి. 2018లో 'అనీమియా ముక్త్ భారత్' అన్నారు. ఇంతా జరిగాక, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత 60 శాతం. 2019-21లో 58.8 శాతం. దేశం మొత్తం మీద 53 నుంచి 57కి పెరిగింది. వేలిని గుచ్చి తీసిన రక్తంతో చేసే పరీక్ష ఎక్కువ చేసి చూపిస్తుందని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. ఆ వాదనలో పస ఉంది. నరం నుంచి తీసిన రక్తంతో వేరే సర్వే చేస్తామని ఆరో కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ పరీక్షనే తీసేశారు. పద్ధతి సరిదిద్దుకోవటం మంచిదే. కానీ పాత అంకెలతో పోల్చి నిలదీసే వీలు మనకు పోయిందన్నది కూడా నిజం.

బిళ్ళలో లోపం లేదు. అరవై మిల్లీగ్రాముల ఇనుము ఉన్న ఆ బిళ్ళను నియమంగా వాడితే ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనత తగ్గుతుంది. లోపమల్లా ఇచ్చే తీరులో ఉంది. వికారం వస్తుందని, మలం నల్లబడుతుందని, మలబద్ధకం చేస్తుందని ముందుగా చెప్పరు. మూడో రోజున అవన్నీ మొదలయ్యేసరికి భయపడి మానేస్తారు. బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారు అంటుంది, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని తోడికోడలు అంటుంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని, నిమ్మకాయో జామకాయో తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుందని, టీకి గంట ఎడం ఉండాలని, కాల్షియం బిళ్ళతో కలిపి మింగకూడదని కూర్చుని చెప్పే తీరిక ఎవరికీ లేదు. పైగా కాగితం మీద గర్భం లేని స్త్రీలకు కూడా వారానికొక బిళ్ళ అందాలి. అది తనకూ వస్తుందని నాతో చెప్పిన స్త్రీలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. రాజ్యం కంటికి స్త్రీ కడుపుతో ఉన్నప్పుడే ఆనుతుంది.

ఇక కొనుక్కునే బిళ్ళ. దాని అట్ట వెనక చిన్న అక్షరాల్ని ఎవరి చేతనైనా చదివించుకోండి. 'బలం బిళ్ళ' అని మనవాళ్ళు వాడే బి-కాంప్లెక్స్ గొట్టాల్లో చాలావాటిలో ఇనుము ఉండదు. రక్తం తక్కువైన మనిషి వాటిని నెలల తరబడి వాడినా రక్తం పడదు. మూత్రం పచ్చగా రావటాన్ని మందు పనిచేస్తున్న గుర్తు అనుకుంటారు. శరీరానికి అక్కర్లేని రైబోఫ్లావిన్ బయటికి పోతోందని దానర్థం. మన డబ్బే అలా పోతోంది. వీటిలో చాలా సరుకులు మందుల కింద కాకుండా ఆహారం కింద, 2016 నాటి నిబంధనల ప్రకారం అమ్ముడవుతాయి. మందుగా వాడటానికి కాదని వాటి మీదే రాసి ఉంటుంది, ఇంగ్లీషులో.

బాగా తినే దేశాల్లోనే ఇవి ఎంతవరకు ఉపయోగమని చాలా పరిశోధన జరిగింది. అమెరికాలో సుమారు 3,90,000 మంది ఆరోగ్యవంతుల వివరాలను ఇరవై ఏళ్ళకు పైగా పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ మల్టీవిటమిన్ వేసుకున్నవాళ్ళు ఎక్కువకాలం బతికినట్టు కనబడలేదు. అంతకుముందు 2012లో కాన్సర్ ముప్పు కాస్త తగ్గిందని చెప్పిన పేరున్న ప్రయోగం ఒకటుంది. అందులో పాల్గొన్న 14,641 మందీ మగ డాక్టర్లే. ఆ ఫలితాన్ని మిరప చేలో కోతకు వంగిన స్త్రీకి ఎలా వర్తింపజేస్తారో నాకైతే అర్థం కాదు. ఎక్కువైతే నష్టపరిచేవి కూడా వీటిలో ఉన్నాయి. బీటా కెరోటిన్ ఇచ్చిన ఫిన్లాండ్ పొగతాగేవాళ్ళలో ఊపిరితిత్తుల కాన్సర్ పెరిగిందని 1994లోనే తేలింది. గర్భిణి శరీరంలో విటమిన్ ఏ మితిమీరితే బిడ్డకు ప్రమాదం.

అలాగని అన్ని బిళ్ళలూ దండగ అనటం కూడా తప్పే. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలావరకు తగ్గుతాయని 1991లో రుజువైంది. మాంసం, గుడ్డు, పాలు దొరకనివాళ్ళకు బి12 లోపం నిజమైన సమస్య. గర్భిణులకు ఉత్త ఐరన్ బదులు పదిహేను సూక్ష్మపోషకాలున్న బిళ్ళ ఇస్తే తక్కువ బరువు కాన్పులు తగ్గుతున్నాయని పరీక్షలు చెబుతున్నాయి. దాని మీద మనం చర్చించాలి గానీ కొట్టిపారెయ్యకూడదు.

ఈ ఫోలిక్ యాసిడ్ వెనక కథ మన పాఠ్యపుస్తకాల్లో సగమే ఉంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ దానికి పదిహేనేళ్ళ ముందే లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. వాళ్ళేం తింటున్నారని ఆమె అడిగారు. ఈస్టు సారంతో ఆ రక్తహీనత నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఉన్నదే తర్వాత ఫోలిక్ యాసిడ్‌గా తేలింది. పేద కార్మిక స్త్రీల కంచంలోంచి ప్రయోగశాలకు, అక్కణ్ణుంచి అట్టలోకి వెళ్ళింది. అట్ట మిగిలింది, కంచం గురించిన ప్రశ్న పోయింది.

ఆ ప్రశ్నను వదలనివారు కొందరున్నారు. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చిన మన జాతీయ పోషకాహార సంస్థను 1960 నుంచి 1974 వరకు నడిపిన గోపాలన్‌గారు, తిండికి బదులు మందు పెట్టే ధోరణిని చివరిదాకా విమర్శించారు. ఆ సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, స్త్రీకి 29. మన ఇళ్ళలో మాత్రం కూరలో ముక్కలు, గుడ్డు మగవాళ్ళకు. చివర్న కూర్చున్న ఆడమనిషికి చారు నీళ్ళు, పచ్చడి. ఎక్కువ కావలసిన మనిషికి తక్కువ పెట్టటాన్ని ఏ కంపెనీ బిళ్ళా సరిచెయ్యలేదు. జొన్నరొట్టె పోయి తెల్లబియ్యం రావటం, పత్తి చేలో గోంగూర, తోటకూర మొలిచే చోటు కూడా లేకపోవటం దీనికి తోడయ్యాయి.

మరో కారణాన్ని మన సమావేశాల్లో కూడా గొంతు తగ్గించి చెబుతారు. నెలనెలా విపరీతంగా రక్తం పోతుంటే ఎంత ఇనుము వేసినా నిలవదు. దానికి పరీక్ష చేయించటం మాని కొన్నాళ్ళు టానిక్కులు, ఒక సెలైన్ బాటిల్, బలం సూది, ఆఖరికి గర్భసంచి తీసెయ్యటం. 2015-16 సర్వే నాటికి మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 8.9 శాతానికి గర్భసంచి తీసేశారు. దేశ సగటు 3.2. నీరసం అన్న ఒక్క మాట ఇంతదూరం పోగలదు.

కాబట్టి ఏ బిళ్ళ మంచిదని అడిగినప్పుడు నేను ముందు మీ హిమోగ్లోబిన్ ఎంత అని అడుగుతున్నాను. చాలామందికి తెలియదు. పరీక్ష చేశారు, కార్డు మీద రాశారు, ఆమెకు చెప్పలేదు. గర్భిణికి 11, మిగతా స్త్రీలకు 12 కంటే తక్కువైతే రక్తహీనత. ఈ అంకెలు ఆమెకు చెప్పించుకునే హక్కు ఉంది. గర్భం లేని స్త్రీకి రావలసిన వారపు బిళ్ళ ఏమైందని ఉపకేంద్రంలో అడగాలి, అంగన్‌వాడీలో గుడ్డు కొలత ప్రకారం వస్తోందా చూడాలి. ఇక్కడ కోపం ఎవరి మీద పడుతుందో జాగ్రత్త పడాలి. ఆ గుడ్డు చేతికిచ్చే అంగన్‌వాడీ కార్యకర్తలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. జీతం పెంచమన్నందుకు వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. ఆ వరసలో నిలబడిన వాళ్ళ రక్తం ఎంతో ఎవరూ పరీక్ష చెయ్యలేదు. వచ్చే మూడు నెలల్లో మీ మీ గ్రామాల్లో ఐరన్ బిళ్ళలు మానేసిన స్త్రీలతో కూర్చుని, ఎన్నో రోజున, ఎందుకు మానేశారో వాళ్ళ మాటల్లోనే రాసి పంపండి. వాటిని వచ్చే సంచికలో వేస్తాం, ఒక ప్రతి జిల్లా వైద్యాధికారికి ఇస్తాం.