శిక్షకుడు కొత్త.. చిక్కులు పాత

* కళాశాల ఫుట్‌బాల్ జట్లకు ఏటా తొలి అడుగే
* మూడేళ్ల చదువుతోనే ముగుస్తున్న ఆట
* రహీం బాటలో నడిస్తేనే ఫలితం

ఖిలా వరంగల్: విశ్వవిద్యాలయ అంతర్ కళాశాలల పోటీల తేదీలు దగ్గరపడగానే డిగ్రీ కళాశాలల్లో ఫుట్‌బాల్ సందడి మొదలవుతుంది. నోటీసు బోర్డుపై ఎంపికల ప్రకటన వెలుస్తుంది. కొత్త కోచ్ వస్తారు. కొత్త జెర్సీలతో జట్టు ఫొటో దిగుతుంది. ఈసారి మన కళాశాలకు మంచి రోజులే అన్న మాట వినిపిస్తుంది. పోటీలు ముగియగానే బంతి స్టోర్ రూంకు, కోచ్ తన ఊరికి, కుర్రాళ్లు తరగతి గదికి చేరుకుంటారు. మరుసటి ఏడు కథ మళ్లీ మొదటికొస్తుంది. కొత్త శిక్షకుడి రాకతో జట్టు తలరాత నిజంగా మారుతుందా? మారాలంటే ఆయన చేతిలో ఏముండాలి? ఈ ప్రశ్నలకు మన రాష్ట్ర ఫుట్‌బాల్ చరిత్రలోనే సమాధానం ఉంది. కోచ్‌ను తీసుకురావడం తేలిక.. నిలబెట్టుకోవడమే కష్టం.

మూడేళ్ల ముచ్చట

డిగ్రీ చదువు మూడేళ్లు. దోస్త్ ద్వారా విడతల వారీగా ప్రవేశాలు పూర్తయి, కొత్తగా చేరిన విద్యార్థిలో ఆటగాడు ఉన్నాడని గుర్తించేలోగా మొదటి ఏడాది పోటీలు దాటిపోతాయి. రెండో ఏడాది నేర్చుకుంటాడు. మూడో ఏడాది రాణిస్తాడు. ఆ వెంటనే పట్టా పుచ్చుకొని వెళ్లిపోతాడు. ఏ కళాశాల జట్టయినా ఏటా తన అనుభవజ్ఞుల్లో మూడో వంతు మందిని పోగొట్టుకోక తప్పదు. క్లబ్బు జట్టు ఒక ఆటగాణ్ని పదేళ్లయినా అట్టిపెట్టుకోగలదు. కళాశాలకు ఆ వెసులుబాటు లేదు.

అలాంటప్పుడు కళాశాలలో స్థిరంగా ఉండదగినవి రెండే. ఒకటి శిక్షకుడు, రెండోది మైదానం. వచ్చేపోయే కుర్రాళ్లకు ఆట పద్ధతిని అందించవలసిన శిక్షకుడే ఏటా మారిపోతే జట్టుకు జ్ఞాపకం అంటూ మిగలదు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

భారమంతా పీడీపైనే

కళాశాలల్లో క్రీడల బాధ్యత ఫిజికల్ డైరెక్టర్‌ది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ అన్నీ ఆయనే చూడాలి. పరీక్షల విధులు, జాతీయ పర్వదినాల ఏర్పాట్లు అదనం. వ్యాయామ విద్యలో పట్టా వేరు, ఒక ఆటలో శిక్షణార్హత వేరు. శిక్షకులను తయారు చేసేందుకే 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ వెలసింది. ఫుట్‌బాల్‌కు ప్రత్యేకంగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి, సి, బి, ఎ, ప్రో అంటూ అంచెలంచెలుగా లైసెన్సులు ఇస్తోంది. అలాంటి అర్హత ఉన్నవారిని పోటీలకు ముందు కొన్ని వారాలకు గౌరవ వేతనంపై పిలవడంతోనే యాజమాన్యాలు సరిపెడుతున్నాయి.

ఆ కొన్ని వారాల్లో సాధ్యమయ్యేది దేహదారుఢ్యం కొంత పెంచడం, ఎవరు ఎక్కడ ఆడాలో తేల్చడం మాత్రమే. రక్షణ పంక్తిలోని నలుగురు ఒక్క తాటిపై ముందుకు జరిగి ప్రత్యర్థిని ఆఫ్‌సైడ్‌లో పడేయాలంటే నెలల సాధన కావాలి. బంతి తన వద్దకు రాకముందే ఎవరికి అందించాలో ఆటగాడికి తట్టాలంటే తోటివారి కదలిక అతనికి అలవాటు కావాలి. ఇది బోర్డు మీద గీసి చెబితే వచ్చే విద్య కాదు. పదకొండు మందిని పోగుచేయడం వేరు, జట్టును తయారు చేయడం వేరు.

మైదానం ఎవరిది?

ఫుట్‌బాల్ ఆడాలంటే కనీసం 90 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు ఉన్న చదునైన నేల కావాలి. నగరంలో అంతటి స్థలం ఉన్న కళాశాలలను వేళ్ల మీద లెక్కించవచ్చు. ఉన్న మైదానాలపై ఇతరుల కన్ను పడుతూనే ఉంటుంది. హనుమకొండ ఆర్ట్స్ కళాశాల మైదానమే ఇందుకు నిదర్శనం. 2023 జులై 8న ప్రధానమంత్రి బహిరంగసభ అక్కడే జరిగింది. 2024 నవంబరు 19న రాష్ట్ర ప్రభుత్వ విజయోత్సవ సభకూ అదే వేదికైంది. ఏ పార్టీ సభ అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. సభ ముగిశాక గుంజలు పాతిన గుంతలను పూడ్చకపోతే, పరిచిన కంకరను ఏరివేయకపోతే ఆ మైదానంలో పరుగెత్తే కుర్రాడి చీలమండకే ముప్పు.

ఖిలా వరంగల్ పరిస్థితి మరింత ప్రత్యేకం. కాకతీయుల కోట కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషేధం. ఆపై మరో 200 మీటర్ల మేర అనుమతి తప్పనిసరి. కోట చుట్టుపక్కల గ్యాలరీలతో స్టేడియం రావాలని ఆశించడం అత్యాశే అవుతుంది. ఇక్కడి విద్యార్థి సాధన కోసం నగరం దాటి హనుమకొండకు వెళ్లవలసిందే. సాయంత్రం సాధన ముగించుకొని చీకటి పడ్డాక ఇల్లు చేరాలంటే బస్సో, ఆటోనో కావాలి. రోజువారీ ఆ ఖర్చు భరించలేని ఇంటి పిల్లవాడు ఎంత ప్రతిభ ఉన్నా వారం తిరగకముందే సాధనకు రావడం మానేస్తాడు.

బడిపంతులు చూపిన బాట

ఈ చిక్కులు కొత్తవి కావు. వీటిని దాటిన మహనీయుడు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యతలు చేపట్టారు. ఆ ఏడాది నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఆ జట్టుదే. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన దేశం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

రహీం దగ్గర కోట్ల రూపాయలు లేవు. బంతిని డ్రిబుల్ చేయకుండా అందించుకుంటూ ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే గోలు కొట్టాలన్న నిబంధనతో పోటీలు పెట్టి కుర్రాళ్లకు ఆట నేర్పారు. వీటికి ఖర్చేమీ లేదు, ఆలోచన ఉంటే చాలు. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం శిక్షణకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె తానే ఇచ్చారు. ఆ బలరామే ఒలింపియన్ అయ్యారు. అన్నిటికీ మించి రహీం 1963 జూన్ 11న కన్నుమూసే వరకు పోలీస్ జట్టును విడిచిపెట్టలేదు. పదమూడేళ్ల ఆ స్థిరత్వమే విజయ రహస్యం.

హైదరాబాద్ ఎఫ్‌సీ పాఠం

ఇటీవలి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019-20లో ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగిడిన ఈ జట్టు తొలి ఏడాది అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చారు. మొదటి ఏడాది ఐదో స్థానమే దక్కింది. అయినా ఆయనను కొనసాగించారు. యువకులను నమ్ముకున్న ఆ జట్టు 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి విజేతగా అవతరించింది. 2023లో మార్క్వెజ్ వెళ్లిపోయారు. జీతాల బకాయిలు చుట్టుముట్టాయి. 2023-24లో జట్టు మళ్లీ అట్టడుగుకు చేరింది. చివరకు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. మంచి కోచ్‌కు రెండేళ్లిస్తే ఏమవుతుందో, వెనుక సంస్థ నిలబడకపోతే ఏమవుతుందో ఒక్క జట్టు కథే చెబుతోంది.

జిల్లాల్లో ప్రతిభ లేదనడానికీ వీల్లేదు. నిజామాబాద్ జిల్లా నుంచి ఎదిగిన గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడటమే కాక, 2025లో సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకున్నారు.

చేయవలసింది ఇదీ..

మొదటిది, కోచ్ నియామకం వారాలకు కాక కనీసం మూడేళ్లకు జరగాలి. ఒక తరం విద్యార్థి కళాశాలలో అడుగుపెట్టి బయటికి వెళ్లే వరకు ఒకే గురువు ఉండాలి. ఒక్క కళాశాల ఆ ఖర్చు భరించలేకపోతే ఇరుగుపొరుగు కళాశాలలు మూడు నాలుగు కలిసి పంచుకోవచ్చు. రెండోది, తొలి ఏడాది కప్పు రాలేదని ఆయనను సాగనంపే అలవాటు మానాలి. ఎందరు కొత్తవారు నిలకడగా సాధనకు వచ్చారన్నదే ఆ ఏడాదికి కొలమానం కావాలి. మూడోది, సమీప ఉన్నత పాఠశాలల పిల్లలను వారానికి రెండు రోజులైనా కళాశాల మైదానానికి రప్పించాలి. ఆఖరిది, మైదానాన్ని సభలకు ఇచ్చినప్పుడు బాగుచేసి అప్పగించే బాధ్యత నిర్వాహకులదేనని అనుమతి పత్రంలోనే రాయాలి.

కోట చుట్టూ స్టేడియం కట్టలేకపోవచ్చు. నియమాలకు లోబడి ఒక చదునైన స్థలాన్ని సాయంత్రం రెండు గంటలు పిల్లల సాధనకు వదలడానికి అధికారులు, ప్రజాప్రతినిధులు తలచుకుంటే మార్గం దొరకకపోదు. లేదంటే వచ్చే ఏడాదీ కొత్త కోచ్ వస్తారు, కొత్త ఫొటో అచ్చవుతుంది. ఈ ఏడాది మూడో సంవత్సరం చదువుతున్న కుర్రాడికి మాత్రం వచ్చే ఏడాది అంటూ ఉండదు.