ఆకాశానికి ఎవరి సంతకం?

ఈ గోడపత్రికలో ఒక కాగితం అంటించాలంటే ముందు మేడమ్ చదవాలి, సంతకం పెట్టాలి. పోయిన నెల నా కవితని రెండుసార్లు తిప్పి పంపారు. (అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు లేదు.) మరి ఆకాశం మీద రాయాలంటే ఎవరి సంతకం కావాలి?

నా రూమ్మేట్ చెప్పేదాకా ఇలాంటిది ఒకటుందని నాకు తెలీదు. 2019లో రష్యాలో స్టార్ట్‌రాకెట్ అనే కంపెనీ రాత్రి ఆకాశంలో ప్రకటనలు చూపిస్తామని బయలుదేరింది. 400–500 కిలోమీటర్ల ఎత్తున చిన్న చిన్న ఉపగ్రహాల గుంపుని తిప్పాలని వాళ్ల ఆలోచన. ఒక్కొక్కటీ తెరచాపలాంటి రేకు విప్పి ఎండని కిందికి కొడుతుంది. మన ముగ్గు మాదిరే, చుక్కలు వరుసగా చేరితే అక్షరం. ఎండ తగలాలి కాబట్టి పొద్దు గుంకాక కాసేపు, తెల్లారకముందు కాసేపే కనిపిస్తుంది. పెప్సీ కంపెనీ రష్యా విభాగం ఒక ఎనర్జీ డ్రింక్ కోసం వీళ్లతో చేతులు కలిపిందని వార్త కూడా వచ్చింది. అమెరికాలోని పెద్ద కంపెనీ మాత్రం మాకు అలాంటి ఆలోచన లేదని చెప్పేసింది.

"అక్కడ తెలుగు అక్షరాలు వస్తే నీకు సంతోషం కాదా?" అని అడిగింది రూమ్మేట్.

అడగాల్సిన చోటే అడిగింది. మా ఇంట్లో అమ్మ వైపు తెలుగు, అప్పా వైపు తమిళం. మా వీధిలో ఏ బోర్డు మీదా తెలుగు కనిపించదు. నేను తెలుగు సరిగ్గా రాయడం నేర్చుకున్నదే ఈ కాలేజీకి వచ్చాక. అందుకని ఒక్క నిమిషం ఆశ పుట్టిన మాట నిజం. తర్వాత, తెలుగైనా వద్దనిపించింది.

ఈ పత్రిక నచ్చకపోతే చూడకుండా క్లాసుకి పోవచ్చు. మా ఊళ్లో ఎన్నికలకి ఎంతో ముందే పార్టీ పేరు, సంవత్సరం రాసి గోడలు పట్టిపెట్టుకుంటారు. ఇంటివాళ్లు గట్టిగా అనుకుంటే సున్నం కొట్టేయొచ్చు. ఆకాశానికి సున్నం కొట్టేదెవరు?

వేగుచుక్క పొడిచే నెలల్లో మా అవ్వ గడియారం చూడదు. అప్పా దాన్నే విడివెళ్లి అంటారు. పేర్లు రెండు, చుక్క ఒకటే. అవ్వకి తమిళం చదవడం రాదు, అప్పాకి తెలుగు చదవడం రాదు. అక్కడ ఏ అక్షరం రాసినా మా ఇంట్లో ఒకరు చదవలేనివాళ్లు అవుతారు.

తుఫాను, వరద వస్తే హెచ్చరికలు చూపించొచ్చు కదా అంటారు. తుఫాను రాత్రి మబ్బుల్లో ఏం కనిపిస్తుంది? దానికి ఫోన్లున్నాయి, మైకులున్నాయి.

1993లో అమెరికాలో ఒక కంపెనీ అంతరిక్షంలో పెద్ద ప్రకటన బోర్డు పెడతామంటే గొడవ లేచింది. కంటికి అడ్డం వచ్చే అలాంటి ప్రకటనలు మోసే రాకెట్‌కి లైసెన్సు ఇవ్వకూడదని తర్వాత అక్కడ చట్టం కూడా వచ్చింది. కానీ అది వాళ్ల రాకెట్లకే. ఉపగ్రహం తిరిగేది మాత్రం అందరి నెత్తి మీద. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం అంతరిక్షం ఏ దేశం సొత్తూ కాదు. ఎవరిదీ కాని చోట రాయడానికి ఒక్క దేశం లైసెన్సు చాలా? జవ్వాదు కొండల్లో, చీకటి కోసమే వెతికి కావలూరులో దూరదర్శిని పెట్టారు. వాళ్లనైనా అడగొద్దా?

రూమ్మేట్ ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే సంచికకి జవాబు రాస్తానంటోంది. మేడమ్ సంతకం పెడితే నా కాగితం పక్కనే అంటిస్తాం.